‘స్థిరస్థితి’ – ‘కుదురు’: విడత తాపన అనుకరణల్లో కాలనిర్ణయంపై పరిభాషా విమర్శ

వ్యాససంగ్రహం:

ఉష్ణప్రసార శాస్త్రంలో ‘స్థిరస్థితి’ ప్రసిద్ధమైన పారిభాషిక పదం. ఉష్ణం ఎడతెగకుండా అందే సందర్భానికి అది చక్కగా సరిపోతుంది. ఉష్ణం విడతలు విడతలుగా అందే సందర్భంలో మాత్రం ఆ పదం రెండు భిన్నార్థాలను ఒకటిగా కలిపివేస్తుంది. కంప్యూటర్ అనుకరణను ఎప్పుడు ఆపాలన్న నిర్ణయంలో ఈ కలయిక సంఖ్యాపరమైన పొరపాటుగా బయటపడుతుంది. ఆ పొరపాటు స్వరూపాన్ని ఒక చిన్న లెక్క ద్వారా నిరూపించి, తెలుగులో వాడుకలో ఉన్న పదాలనూ ఉపమానాలనూ ఆ వెలుగులో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్థిరస్థితి, ఆవర్తనం, కుదురుకాలం, కాలస్థిరాంకం, విడత తాపనం, అనుకరణ, శాస్త్ర పరిభాష.

1. ప్రవేశిక

ఇండక్షన్ పొయ్యి మీద పాలు కాచేవారికి ఒక అనుభవం ఉంటుంది. వేడిని బాగా తగ్గించినప్పుడు చాలా పొయ్యిలు తక్కువ శక్తితో ఎడతెగకుండా పనిచేయవు. కొన్ని సెకన్లు పనిచేసి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ మొదలవుతాయి. గిన్నెలోని పాలు పొంగి తగ్గి, పొంగి తగ్గి, క్రమంగా ఒక తీరుకు వస్తాయి. ఉష్ణప్రసార శాస్త్రం ఈ తీరుకు రావడాన్నే అధ్యయనం చేస్తుంది. విద్యుత్ శక్తిని నియంత్రించే అర్ధవాహక పరికరాలు, లేజర్‌తో అతికే లోహపు రేకులు, మెరిసి ఆరే దీపాలు, పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ లోనయ్యే ఇంటి గోడలు అన్నీ ఈ కోవలోనివే. వీటి ఉష్ణోగ్రతలను కంప్యూటర్‌పై లెక్కించేవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది: లెక్కను ఎంత కాలం నడిపితే వస్తువు ‘స్థిరస్థితి’కి చేరుతుంది?

ప్రశ్న ఇంజనీరుదిగా కనిపిస్తుంది. అందులో సగం భాషది. ‘స్థిరం’ అంటే ఏమిటో తేలకపోతే ‘ఎంత కాలం’ అన్నదానికి జవాబు ఉండదు. ‘అనుకరణ’ అనే మాటలోనూ ఇటువంటి చిక్కే ఉంది. సాహిత్య విద్యార్థికి అది అరిస్టాటిల్ కావ్యచర్చను గుర్తుచేస్తుంది. ఇక్కడ దాని అర్థం, సమీకరణాల ద్వారా ఒక భౌతిక వ్యవస్థ కాలగతిని కంప్యూటర్‌లో తిరిగి నడిపించడం. రెండింటికీ ఒక పోలిక మాత్రం ఉంది. అనుకరణ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించేది అనుకరించే వ్యక్తే గాని అనుకార్యం కాదు. ఈ వ్యాసంలో ముందుకు వచ్చే చిక్కులన్నిటికీ మూలం అక్కడే ఉంది.

2. మూడు స్థితులు – రెండు పదాలు

పాఠ్యపుస్తకాల తెలుగులో ‘ఉష్ణ సమతాస్థితి’, ‘స్థిరస్థితి’ అనే రెండు పదాలు పాతుకున్నాయి. రెండో దానికి ‘నిలకడ స్థితి’ అనే పర్యాయమూ వినబడుతుంది. సమతాస్థితిలో రెండు వస్తువుల మధ్య ఉష్ణోగ్రతా భేదం ఉండదు, కనుక నికరంగా ఉష్ణం ప్రవహించదు. స్థిరస్థితిలో ఉష్ణం ప్రవహిస్తూనే ఉంటుంది. ఒక్కొక్క బిందువు దగ్గర ఉష్ణోగ్రత మాత్రం కాలంతో మారదు. ఒక చివర మంటలోనూ మరో చివర మంచులోనూ ఉన్న ఇనుప కడ్డీ దీనికి ఉదాహరణగా చెబుతారు. ఈ రెండింటి మధ్య భేదాన్ని అధ్యాపకులు శ్రద్ధగానే బోధిస్తారు.

మూడో స్థితికి వాడుకలో స్థిరపడిన పేరు లేదు. విడతలుగా వేడెక్కే వస్తువు ఎంతకాలం గడిచినా ఉష్ణోగ్రత మారకుండా ఉండదు. ప్రతి విడతకూ ఎక్కుతుంది, విరామంలో దిగుతుంది. అయితే తొలి దశ గడిచిన తరువాత ఒక చక్రంలోని ఎక్కుదిగుళ్లు తరువాతి చక్రంలోనూ అచ్చంగా అలాగే పునరావృతమవుతాయి. మారనిది ఉష్ణోగ్రత కాదు, ఉష్ణోగ్రత మారే తీరు. ఈ స్థితినీ ‘స్థిరస్థితి’ అనే అంటున్నారు. ‘ఆవర్తన స్థిరస్థితి’ అని విశేషణం చేర్చి చెప్పేవారు కొందరున్నా, వాడుకలో విశేషణం రాలిపోయి విశేష్యమే మిగులుతుంది.

పదం వెంట ఊహ కూడా వస్తుంది. స్థిరాస్తి, స్థిరనివాసం, స్థిరచిత్తం అన్న మాటల్లో కదలిక లేకపోవడమే ప్రధానార్థం. ఆ అర్థం మనసులో ఉన్న పాఠకుడు గ్రాఫులో గీత చదునుగా కనిపించగానే ‘స్థిరస్థితి వచ్చింది’ అనుకోవడం సహజం. చదును అనేది చూసే కొలమానాన్ని బట్టి ఉంటుంది. నిలువు అక్షాన్ని కుదిస్తే ఏ గీతైనా చదునే.

3. లెక్క చెప్పేది

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. అర కిలో అల్యూమినియం దిమ్మ ఉంది. అల్యూమినియం విశిష్టోష్ణం కిలోకు సుమారు 900 జౌళ్లు కనుక, దిమ్మ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి 450 జౌళ్లు కావాలి. చుట్టూ ఉన్న గాలికంటే దిమ్మ ఒక్కొక్క డిగ్రీ ఎక్కువ వేడిగా ఉన్నకొద్దీ సెకనుకు అర జౌలు చొప్పున గాలికి పోతుందనుకోవాలి. దానికి అమర్చిన విద్యుత్ తాపకం ప్రతి 10 సెకన్లకు ఒకసారి, 2 సెకన్ల పాటు, 100 వాట్ల శక్తిని ఇస్తుంది. సగటున అందేది 20 వాట్లు. సగటు రాకకు సగటు పోక సమానం కావాలంటే దిమ్మ గాలికంటే 40 డిగ్రీలు వేడిగా ఉండాలి. చివరికి అది చేరే మట్టం అదే. ఆ మట్టం మీద ప్రతి చక్రంలోనూ సుమారు 0.36 డిగ్రీల ఎత్తున్న చిన్న అల లేచి పడుతుంటుంది.

ఈ మట్టానికి చేరే వేగాన్ని నిర్ణయించేది కాలస్థిరాంకం. 450ని అరతో భాగిస్తే 900 సెకన్లు, అంటే 15 నిమిషాలు. పది సెకన్ల చక్రం ఒకటి పూర్తయ్యేసరికి చివరి మట్టానికీ ప్రస్తుత మట్టానికీ మధ్య ఉన్న ఎడం సుమారు 1.1 శాతం మాత్రమే తగ్గుతుంది. ఎడం నూరో వంతుకు తగ్గాలంటే 4.6 కాలస్థిరాంకాలు గడవాలి: దాదాపు 69 నిమిషాలు, 414 చక్రాలు. విడత ఎంతసేపు, విరామం ఎంతసేపు అన్న వివరాలకు ఈ గడువుతో సంబంధం లేదు. గడువు దిమ్మ బరువునూ, లోహ స్వభావాన్నీ, గాలికి ఉష్ణం పోయే సౌలభ్యాన్నీ ఆశ్రయించి ఉంటుంది.

అనుకరణలు నడిపేవారిలో ఒక అలవాటు విస్తృతంగా ఉంది. రెండు వరుస చక్రాల ఉష్ణోగ్రతలను పోల్చి, తేడా ముందుగా అనుకున్న పరిమితికి లోబడగానే లెక్క ఆపివేస్తారు. చూడడానికి ఇది నిర్దోషమైన పద్ధతి. ‘తీరు మారలేదు’ అన్న నిర్వచనానికి అక్షరాలా సరిపోతుంది కూడా. పై దిమ్మకు దీన్ని అన్వయిస్తే ఏమవుతుందో చూడాలి. పరిమితి 0.1 డిగ్రీ అనుకుంటే, 134వ చక్రం దగ్గర, 22 నిమిషాలు దాటగానే, పరీక్ష నెగ్గుతుంది. అప్పటికి దిమ్మ చేరవలసిన మట్టానికి ఇంకా 9 డిగ్రీల దిగువన ఉంటుంది. పదో వంతు డిగ్రీ ఖచ్చితత్వం కోరినవారికి దక్కేది 9 డిగ్రీల పొరపాటు.

ఎందుకిలా? చక్రానికీ చక్రానికీ మధ్య తేడా అంటే ఒక అడుగు పొడవు. మిగిలిన ఎడం అంటే ఇంకా నడవవలసిన దారి. అడుగు చిన్నదైనంత మాత్రాన దారి పొట్టిది కాదు. మిగిలిన దారి, అడుగు పొడవును కాలస్థిరాంకంలో ఉన్న చక్రాల సంఖ్యతో గుణిస్తే వచ్చేంత ఉంటుంది. ఇక్కడ ఆ సంఖ్య 90. పరిమితిని 0.01 డిగ్రీకి తగ్గించినా 0.9 డిగ్రీ మిగిలే ఉంటుంది.

ఇంకా విడ్డూరమైన ఫలితం మరొకటుంది. సగటు శక్తిని 20 వాట్లుగానే ఉంచి, చక్రాన్ని పది సెకన్ల నుంచి ఒక సెకనుకు కుదించారనుకోవాలి. అప్పుడు తొలి చక్రంలో దిమ్మ వేడెక్కేది 0.044 డిగ్రీ మాత్రమే. 0.1 డిగ్రీ పరిమితి గల పరీక్ష మొదటి పోలికలోనే నెగ్గుతుంది. దిమ్మ ఇంకా గది వేడిమి మీదే ఉండగా అనుకరణ తన పని పూర్తయిందని ప్రకటిస్తుంది. చివరికి 40 డిగ్రీల పెరుగుదలను భరించవలసిన పరికరానికి ఆ నివేదికలో కనిపించేది దాదాపు సున్నా. దిమ్మకు బదులు అక్కడ ఒక అర్ధవాహక పరికరం ఉంటే, అది ఎంత వేడిని తట్టుకుంటుందన్న నిర్ణయం ఈ సంఖ్య మీదే ఆధారపడుతుంది.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ఒకే చక్రదశకు చెందిన మూడు కొలతలను సమాన కాలాంతరాలలో తీసుకుని, మొదటి తేడాకూ రెండో తేడాకూ నిష్పత్తి కడితే చాలు. పై దిమ్మకు 60, 90, 120 చక్రాల దగ్గర పెరుగుదలలు వరుసగా 19.46, 25.28, 29.46 డిగ్రీలు. తేడాలు 5.82, 4.18. నిష్పత్తి సుమారు 0.72. ఇదే నిష్పత్తిలో తరువాతి తేడాలన్నీ తగ్గుతూ పోతాయనుకుని గుణశ్రేఢి మొత్తం కడితే, ఇంకా రావలసింది పదిన్నర డిగ్రీలకు కొంచెం అటూఇటూగా తేలుతుంది. కలిపితే 40కి దరిదాపు. 414 చక్రాలు నడిపితే గాని తేలని మట్టం 120 చక్రాలతోనే అందింది. అలెగ్జాండర్ ఎయిట్‌కెన్ 1926లో ప్రచురించిన పద్ధతి సారం ఇదే. ఎన్నాళ్లు ఆగాలి అన్న ప్రశ్నను ఇది ‘ఇంకా ఎంత మిగిలింది’ అన్న ప్రశ్నగా మారుస్తుంది. సరైన ప్రశ్న ఈ రెండోదే.

అయితే నిష్పత్తి నిలకడగా ఉందో లేదో చూసుకోకుండా ఈ పద్ధతిని వాడకూడదు. వ్యవస్థలో పలు పొరలున్నప్పుడు పలు కాలస్థిరాంకాలు ఉంటాయి. అర్ధవాహక పలక మిల్లీసెకన్లలో కుదుటపడుతుంది. దాని కింద ఉన్న లోహపు పీఠానికి సెకన్లు, వేడిని గాలికి వదిలే రెక్కల దిమ్మకు నిమిషాలు పడతాయి. పలకను మాత్రమే గమనిస్తున్నవారికి తొలి సెకనులోనే అంతా స్థిరపడినట్లు అనిపిస్తుంది. తరువాత నిమిషాల తరబడి, పీఠం వేడెక్కిన కొద్దీ, పలక కూడా దానితోపాటు పైకి జరుగుతూనే ఉంటుంది. గడువును నిర్ణయించేది ఎప్పుడూ వ్యవస్థలోని అతి నెమ్మదైన భాగమే, అది గమనింపులో లేని భాగమైనా సరే.

4. చిల్లికుండ ఉపమానం

ఉష్ణప్రసారాన్ని విద్యార్థికి చెప్పేటప్పుడు నీటి ఉపమానం తప్పనిసరిగా వస్తుంది. అడుగున చిల్లి ఉన్న కుండలో ప్రతి పది సెకన్లకు ఒక చెంబు నీళ్లు పోస్తే, మొదట మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగినకొద్దీ చిల్లి నుంచి ఎక్కువ కారుతుంది. చివరికి ఒక చెంబు పోసే వ్యవధిలో సరిగ్గా ఒక చెంబు కారే మట్టం వస్తుంది. అక్కడి నుంచి నీరు ఎక్కుతూ దిగుతూ ఉన్నా తీరు మారదు. మూడో స్థితిని ఇంత స్పష్టంగా చూపే ఉపమానం వేరొకటి దొరకడం కష్టం. ‘మారనిది మట్టం కాదు, మట్టం మారే తీరు’ అన్న సంగతి ఇందులో వివరణ లేకుండానే బోధపడుతుంది.

కాలనిర్ణయానికి వచ్చేసరికి ఉపమానం మోసం చేస్తుంది. టారిచెల్లీ సూత్రం ప్రకారం చిల్లి నుంచి నీరు కారే వేగం మట్టం వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. దిమ్మ నుంచి గాలికి పోయే ఉష్ణం, న్యూటన్ శీతలీకరణ నియమం వర్తించినంత మేరకు, ఉష్ణోగ్రతా భేదానికే అనులోమంగా ఉంటుంది. మట్టం నాలుగింతలైతే కుండ రెండింతలే కారుతుంది. దిమ్మ నాలుగింతలు వదులుతుంది. కనుక కుండ కుదుటపడే గడువుకూ దిమ్మ కుదుటపడే గడువుకూ లెక్క ఒకటి కాదు. చిల్లికి బదులు సన్నని పొడవైన గొట్టం గుండా నీరు మెల్లగా జారే కుండను చెబితే పోలిక చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే అటువంటి ప్రవాహం మట్టానికి అనులోమంగా ఉంటుంది. ఉపమానంలో సాధారణ ధర్మం ఏది, ఎంతవరకు అని అలంకారశాస్త్రం అడిగే ప్రశ్నను శాస్త్ర రచన కూడా తనను తాను అడగవలసి ఉంది. తెలుగు శాస్త్ర రచనలో ఉపమానాల రమ్యత గురించి చర్చ జరిగినంతగా వాటి హద్దుల గురించి జరగలేదు.

కుండకు మరో హద్దు ఉంది. కుండలో నీటి మట్టం అంతటా ఒకటే. గోడలోనో నేలలోనో ఉష్ణోగ్రత లోతును బట్టి మారుతుంది. అక్కడికి కుండ చాలదు.

5. ఎడింబరో నేల కింద

విడతలుగా వచ్చే ఉష్ణాన్ని లోతుతో కలిపి లెక్కగట్టిన తొలి సిద్ధాంతం ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్‌ది. 1807లో విద్వత్సంస్థకు సమర్పించిన అతని పత్రం లాగ్రాంజ్ వంటివారి అభ్యంతరాలను ఎదుర్కొంది. ఉష్ణ సిద్ధాంతంపై అతని గ్రంథం 1822లో వెలువడింది. నేల ఉపరితలంపై ఎండ ఏటేటా పెరిగి తగ్గుతుంటే, ఆ అల లోపలికి పోయినకొద్దీ ఎత్తు తగ్గుతుందనీ, వెనకబడుతుందనీ అతని సమీకరణం చెబుతుంది. రెండూ విడదీయరానివి. అర్ధ సంవత్సరం వెనకబడే లోతులో అల ఎత్తు ఉపరితలంపై ఉన్నదానిలో సుమారు 23వ వంతు మాత్రమే మిగులుతుంది.

ఎడింబరోలో జేమ్స్ ఫోర్బ్స్ 1837 నుంచి మూడు చోట్ల నేలలో లోతైన ఉష్ణమాపకాలను పాతించి కొలతలు తీయించాడు. వాటిలో అతి లోతైనది 24 ఫ్రెంచి అడుగులు, అంటే దాదాపు 7.8 మీటర్లు. కాల్టన్ గుట్ట రాతినేలలో ఆ లోతుకు వేసవి వేడి చేరేది నడి చలికాలంలో, జనవరి ప్రాంతంలో. ఆ కొలతలను విలియం థామ్సన్, తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, ఫోరియర్ పద్ధతిలో విశ్లేషించి 1861లో ప్రచురించాడు. అల ఎంత తగ్గింది, ఎంత వెనకబడింది అన్న రెండు కొలతల నుంచీ అక్కడి రాతి ఉష్ణవాహకతను రాబట్టాడు. అదే సంవత్సరం స్వీడన్‌కు చెందిన ఆంగ్‌స్ట్రోమ్ లోహపు కడ్డీని ఆవర్తనంగా వేడిచేసి చల్లార్చి, అల తగ్గుదలను కొలిచి లోహాల వాహకతను కనుగొనే పద్ధతిని ప్రకటించాడు. (ఎయిట్‌కెన్ తన పద్ధతిని ప్రచురించింది కూడా ఎడింబరో రాయల్ సొసైటీ పత్రికలోనే, ఈ విషయంలో ఆ ఊరి వాటా కొంచెం పెద్దదే.)

ఫోర్బ్స్‌కు ‘ఎంత కాలం ఆగాలి’ అన్న సమస్య లేదు. అతని ఉష్ణమాపకాల చుట్టూ ఉన్న నేల వేల ఏళ్లుగా ఎండావానలకు లోనై ముందే కుదురుకుంది. వేచి ఉండడం అనే పనిని ప్రకృతి పూర్తిచేసి ఇచ్చింది. అనుకరణకు ఆ సదుపాయం లేదు. అది ఒక సున్నా క్షణంలో మొదలవుతుంది, ఆ క్షణంలో నేల అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందని ఒక కల్పన చేస్తుంది. నడిపే కాలమంతా ఆ కల్పన ప్రభావాన్ని చెరిపివేయడానికే ఖర్చవుతుంది.

ఆ చెరిపివేతకు పట్టే గడువు నేలది మాత్రమే కాదు, లెక్క గట్టేవాడిది కూడా. అడుగున ఉష్ణం దాటనట్లు భావించి 20 మీటర్ల లోతు వరకు నేలను లెక్కలోకి తీసుకుంటే, కాల్టన్ గుట్ట వంటి రాతికి అతి నెమ్మదైన కాలస్థిరాంకం ఆరు ఏళ్లు దాటుతుంది. ఎడం నూరో వంతుకు తగ్గడానికి దాదాపు 30 ఏళ్లు నడపాలి. లోతును 40 మీటర్లకు పెంచితే గడువు నాలుగింతలు, అంటే 120 ఏళ్లకు దగ్గర. అల నిజంగా కదిలేది పై పది మీటర్లలోనే అయినా, కింద ఉంచుకున్న నిద్రాణమైన నేల గడువును శాసిస్తుంది. దీనికి ఎదురుగా తొమ్మిది అంగుళాల ఇటుక గోడను తీసుకుంటే, రెండు ముఖాల ఉష్ణోగ్రతలూ బయటినుంచి నిర్ణయమైనప్పుడు, దాని కాలస్థిరాంకం మూడు గంటలకు అటూఇటూగా ఉంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ గడిస్తే గోడ కుదుటపడుతుంది. గడువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుందన్న ఒక్క సంగతి ఈ రెండు ఉదాహరణల మధ్య ఉన్న అగాధాన్ని వివరిస్తుంది.

కెల్విన్ జీవితంలోనే దీనికి ఒక కొనసాగింపు ఉంది. నేలలో ఆవర్తనాన్ని చదివిన మరుసటి ఏడాది, 1862లో, అతడు ఆవర్తనం కాని భాగాన్ని, భూమి నిరంతరంగా చల్లారడాన్ని, చదివి భూమి వయస్సు లెక్కగట్టాడు. 9.8 కోట్ల ఏళ్లనీ, హద్దులు 2 కోట్ల నుంచి 40 కోట్ల దాకా అనీ తేల్చాడు. 1895లో జాన్ పెరీ, భూగర్భమంతా ఒకే వాహకత గల ఘనమన్న ఊహను సడలిస్తే వయస్సు ఎన్నో రెట్లు పెరుగుతుందని చూపాడు. కెల్విన్ గణితంలో దోషం లేదు. కాలాన్ని నిర్ణయించింది గణితం కంటే ముందే కుదిరిన నమూనా.

6. స్థిరస్థితి లేనిచోట దాని గడువు

‘స్థిరస్థితికి ఎంత కాలం’ అన్న ప్రశ్న ఒక స్థిరస్థితి ఉందని ముందే ఒప్పుకుంటుంది. కొన్ని సందర్భాల్లో అది లేనే లేదు. అన్ని వైపులా ఉష్ణబంధనం చేసిన వస్తువుకు విడతలుగా వేడి ఇస్తూ పోతే, ప్రతి చక్రానికీ అంతే పెరుగుతుంది, ఎప్పటికీ ఆగదు. హద్దులేని లోతుగల నేల ఉపరితలానికి విడతలుగా, సగటున సున్నా కాని ఉష్ణం అందిస్తే, ఉపరితల సగటు ఉష్ణోగ్రత కాలం వర్గమూలం చొప్పున పెరుగుతూనే ఉంటుంది. పెరుగుదల అంతకంతకూ మందగిస్తుంది కనుక చక్రాల మధ్య తేడా ఏ పరిమితికైనా ఏదో ఒకనాడు లోబడుతుంది. పరీక్ష నెగ్గుతుంది; చేరవలసిన గమ్యం మాత్రం లేదు. ఇటువంటి వ్యవస్థలో తేడాలు గుణశ్రేఢిలో తగ్గవు కనుక ఎయిట్‌కెన్ పద్ధతి కూడా కల్పిత గమ్యాన్ని చూపుతుంది. మూడు కొలతలతో సరిపెట్టుకోక, నాలుగో కొలత తీసి నిష్పత్తి మళ్లీ అదే వస్తుందో లేదో చూడడం ఇక్కడ చాదస్తం కాదు.

మరొక దారి ఉంది. సగటు ఉష్ణంతో ముందుగా ఎడతెగని స్థిరస్థితిని నేరుగా లెక్కించి, అక్కడి నుంచి విడతల అనుకరణను మొదలుపెడితే నిరీక్షణ చాలావరకు తప్పుతుంది. సమీకరణాలు సరళరేఖీయాలైనంత వరకు ఇది నిర్దోషం. వికిరణం ప్రధానమైనప్పుడు ఉష్ణం నిరపేక్ష ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని అనుసరించి పోతుంది. ఒక ఉపరితలం సగం కాలం 300, సగం కాలం 500 కెల్విన్‌ల వద్ద ఉంటే దాని సగటు 400. కాని అది వెలువరించే వికిరణం 400 వద్ద నిలిచిన ఉపరితలం కంటే దాదాపు 38 శాతం ఎక్కువ. సగటుల ఫలితం ఫలితాల సగటు కాదు. ప్రారంభ బిందువుగా ఈ సగటు అప్పటికీ పనికివస్తుంది, జవాబుగా పనికిరాదు.

7. ‘నిలకడ’, ‘కుదురు’

ఇంత చర్చ తరువాత పదాల వద్దకు తిరిగి రావచ్చు. ‘స్థిరస్థితి’ని తొలగించాలనడం అత్యాశ. ఎడతెగని ఉష్ణానికి అది సరైన పదమే. ‘నిలకడ స్థితి’ దానికంటే ఒక మెట్టు మేలు. నిజం నిలకడ మీద తెలుస్తుందన్న లోకోక్తిలో నిలకడకు కదలకపోవడం అన్న అర్థం కాక, తొందర తీరి కొంత కాలం గడవడం అన్న అర్థం ఉంది. కాలాన్ని తనలో ఇముడ్చుకున్న పదం అది. అయినా విడతల సందర్భంలో ఎక్కుదిగుళ్లను అది సూచించదు.

ఎక్కుదిగుళ్లను సూచించడానికి ‘ఆవర్తనం’ ఉంది. భౌతికశాస్త్రంలోని ఆవర్తన కాలాన్నీ సంగీతంలోని తాళ ఆవర్తనాన్నీ ఒకే పదం చెప్పడం తెలుగు విద్యార్థికి అనుకోకుండా దక్కిన సౌకర్యం. ఆది తాళంలో ఎనిమిది అక్షరాలూ ఒకేలా ఉండవు. ఆవర్తనం మాత్రం ప్రతిసారీ అదే. కచేరీ తొలి నిమిషాల్లో మృదంగానికీ గాత్రానికీ మధ్య ఉన్న తడబాటు తీరినప్పుడు ‘లయ కుదిరింది’ అంటారు. ఆ ‘కుదరడం’ అనే క్రియలో ఈ శాస్త్రానికి కావలసినది దాదాపు అంతా ఉంది. జ్వరం తగ్గి ఒళ్లు ‘కుదుటపడింది’ అన్నప్పుడు నాడి ఆగిపోయిందని అర్థం కాదు; అది తన తీరులో కొట్టుకుంటోందని అర్థం. కుండ కింద పెట్టే ‘కుదురు’ కూడా కుండను కట్టివేయదు, ఊగినా పడకుండా నిలుపుతుంది.

ఈ కారణంగా విడత తాపన సందర్భానికి ‘కుదురైన ఆవర్తనం’ అనీ, దానికి చేరే గడువుకు ‘కుదురుకాలం’ అనీ వాడడం యుక్తంగా కనిపిస్తుంది. సంస్కృత సమాసం కాకపోవడం వల్ల ఈ పదాలకు పారిభాషిక గాంభీర్యం తగ్గుతుందన్న ఆక్షేపణ రావచ్చు. గాంభీర్యం కోసం ‘స్థిర’ను విడతల మీద కూడా పరిచినందువల్ల వచ్చిన నష్టం పై లెక్కలో 9 డిగ్రీలు. నామవాచకంగానూ క్రియగానూ నడవగల పదం పాఠం చెప్పేటప్పుడు ఇచ్చే వెసులుబాటు కూడా తక్కువది కాదు. ‘వ్యవస్థ ఇంకా కుదురుకోలేదు’ అన్న వాక్యం సహజంగా పలుకుతుంది. ‘ఆవర్తన స్థిరస్థితిని పొందలేదు’ అన్నది పరీక్ష పత్రంలోనే బతుకుతుంది.

అయితే ‘కుదురుకాలం’ అన్న పదకోశపు ఆరోపానికి ఒక్క సంఖ్యతో తృప్తి చెందే అర్థవివరణ ఇవ్వకూడదు. దేనికి సంబంధించి, ఎంత ఎడానికి అన్న రెండు వివరాలు దానితోపాటు రావాలి. అల్యూమినియం దిమ్మలో ఐదు కాలస్థిరాంకాల తరువాత, 75 నిమిషాలకు, మట్టంలో 0.27 డిగ్రీల లోటు మిగిలి ఉంటుంది. 40 డిగ్రీల పెరుగుదలతో పోలిస్తే అది ఉపేక్షించదగినదే, 0.36 డిగ్రీల అలతో పోలిస్తే అలలో మూడు వంతులు. అల ఎత్తును మాత్రమే కోరేవారికి తొలి కొన్ని నిమిషాల్లోనే దాదాపు అందుతుంది, ఎందుకంటే ఆ ఎత్తు మట్టం మీద ఆధారపడి లేదు. గరిష్ఠ ఉష్ణోగ్రతను కోరేవారు మట్టం కోసం గంటకు పైగా ఆగాలి. ఒకే దిమ్మ, ఒకే తాపకం, రెండు కుదురుకాలాలు.